మూడో బ్యారక్‌లో కేక

చచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని బతకడం కొందరికి బాగా వంటబట్టింది. ఊరి చివరి పాత జైలును చూపించే కంపెనీ చేసేది అదే. పగలు చూస్తే పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన ఊచలు తప్ప ఏమీ లేవు. చీకటి పడ్డాక ఆ గోడలకే టికెట్టు పెట్టి దయ్యాల కొంప అంటారు.

ఆ రాత్రి టికెట్టు కొన్న జనంలో టైలరమ్మ కూడా ఉంది. ఆమె దయ్యాన్ని చూడ్డానికి రాలేదు. కూతురి గొంతును అక్కణ్ణుంచి తీసేయించడానికి వచ్చింది.

కూతురు ఇక్కడే దయ్యం వేషం వేసేది. తెల్ల గౌను తొడుక్కుని, పైఅంతస్తు చెక్కల మీద దీపం లేకుండా పరుగెత్తి, కెవ్వున అరవడం ఆ పిల్ల ఉద్యోగం. పోయిన వానాకాలంలో పుచ్చిన చెక్క విరిగి కింద పడింది. పడుతూ అరిస్తే జనం చప్పట్లు కొట్టారట. అది వేషం కాదని తెలిసేసరికి అంతా అయిపోయింది. పిల్లదే అజాగ్రత్త అని కంపెనీ చేతులు దులుపుకుంది.

మొన్న బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ నోరు జారింది. “మీ అమ్మాయి కేక రికార్డు ఇంకా వేస్తున్నారు వదినా అక్కడ. నాకు ఒళ్ళు జలదరించిందనుకో.” అప్పటినుంచి టైలరమ్మకు కంటిమీద కునుకు లేదు. పోయాక కూడా నా బిడ్డతో చాకిరీ చేయిస్తారా అని కుతకుత ఉడికిపోయింది.

నల్ల అంగీ వేసుకున్న గైడు లాంతరు ఊపుతూ కథ మొదలుపెట్టాడు. ప్రేమించినవాడు మోసం చేస్తే ఉరేసుకున్న ఖైదీ పిల్లట. నోటికొచ్చింది చెప్పడానికి వాడి సొమ్మేం పోయింది! ఒక కుర్ర జంట ఒకరినొకరు పట్టుకుని కిసుక్కుమంది. మూడో బ్యారక్‌లో గైడు లాంతరు ఆర్పేశాడు.

కేక వచ్చింది.

టైలరమ్మ గోడ పట్టుకుంది. సందేహం లేదు, చిన్నప్పుడు బల్లిని చూసి ఇల్లెగిరిపోయేలా అరిచిన గొంతే. కొంపదీసి ఆ చివరి రోజు కేకనే అమ్ముకుంటున్నారా? గోడ వెంబడి వెళ్తున్న వైరును తడుముకుంటూ పోయి, చివరి గది తలుపు తోసింది.

లోపల సౌండు ఆపరేటరు, బట్టతల పెద్దమనిషి, కంప్యూటరు ముందు కూర్చుని చల్లారిన టీ తాగుతున్నాడు.

“ఎవరండీ? ఇటు రాకూడదు.”

“ఆ కేక నా కూతురిది. తీసెయ్.”

ఆయన గ్లాసు పెట్టేసి లేచాడు. “మీరా అమ్మా? ఒక్క మాట వినండి. ఇది ఆ రోజుది కాదు. పాప పనిలో చేరినప్పుడు నేనే రికార్డు చేశాను. అందులో…”

“నీ కబుర్లు నాకొద్దు! ప్రాణం తీసింది చాలక గొంతు కూడా అమ్ముకుంటారా? మీ ఇంట్లో ఆడపిల్లలు లేరూ?”

“ఉందమ్మా. కాస్త నన్ను చెప్పనివ్వండి…”

“తీస్తావా, ఆ డబ్బాను నేలకేసి కొట్టమంటావా?”

ఉద్యోగం ఊడుతుందని తెలిసీ ఆయన మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నిజంగానే తీసెయ్యాలా అని తెర అడిగితే తల తిప్పి ఆమెను చూశాడు.

“ఉన్నది ఇదొక్కటేనమ్మా.”

“మరీ మంచిది. ఆనవాలు కూడా ఉండకూడదు.”

నొక్కాడు.

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. ఇన్నాళ్ళ కోపమూ దిగిపోయి ఏడుపు తన్నుకొచ్చింది. నా తల్లి ఇక హాయిగా పడుకుంటుంది అనుకుంది. ఆయన మంచినీళ్ళిచ్చాడు. ఆ మర్యాదకు ఆమెకు సిగ్గేసింది.

“ఇందాక ఏదో చెప్పబోయారు అన్నయ్యా. నేనే నోరు పారేసుకున్నాను.”

“ఇప్పుడేముందిలెండి.” ఆయన తల దించుకున్నాడు. “కేకకు ముందు పాప కాసేపు మాట్లాడింది. జనానికి ఆ ముక్క వినిపించం. నవ్వుతూ మీ గురించే ఏదో చెప్పింది.”

ఆమె నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసింది. “నా గురించా? ఏమంది?”

“‘మా అమ్మ’ అని మొదలుపెట్టింది. ఆ తరవాత…” ఆయన నుదురు రుద్దుకున్నాడు. “రోజూ కేక దగ్గర్నుంచే వేస్తాం కదమ్మా. గుర్తు రావట్లేదు.”

“కాస్త గుర్తు తెచ్చుకో అన్నయ్యా. ఒక్క మాటైనా చాలు.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఆయన నోటివంకే చూస్తూ కూర్చుంది.