తాత జీను, కనేలో వీపు

తన గుర్రం కనేలో వీపు మీంచి జీను దించగానే బెనీతా చేసే మొదటి పని నీళ్ళు పెట్టడం కాదు, చెమట చూడడం. పొద్దున్నుంచి పరిగెత్తిన గుర్రానికి జీను కూర్చున్నంత మేరా వీపు తడిసి ఉండాలి. ఎక్కడైనా అరచేయంత పొడి మచ్చ మిగిలిందంటే అక్కడ జీను నొక్కుతోందన్నమాట. నొక్కిన చోట చెమట పట్టదు. అది అలాగే సాగితే వెంట్రుకలు తెల్లబడతాయి, తర్వాత పుండు పడుతుంది, ఆ తర్వాత ఎంత మంచి గుర్రమైనా మనిషిని ఎక్కనివ్వదు. ఆ రోజు కనేలో మూపుకు రెండు పక్కలా రెండు పొడి మచ్చలున్నాయి. కుడి మచ్చలో తెల్ల వెంట్రుకలు కూడా మొదలయ్యాయి.

"మళ్ళీనా," అంది బెనీతా.

కనేలో చెవులు వెనక్కి పెట్టి, ఆ మాట నేను కదా అనాల్సింది అన్నట్టు చూసింది.

ఆల్కోర్నల్ ఊళ్ళో బెనీతా నోటికీ ఎదురు లేదు, స్వారీకీ ఎదురు లేదు. యాభై దాటాక కూడా చిత్తడి నేలల్లో పోట్లగిత్తల్ని మలుపుతుంటే కుర్రాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆమెకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆమె దగ్గర మంచి గుర్రం ఉంది, మంచి జీను ఉంది, ఆ రెండింటికీ పొసగదు.

ఆ ఊరి ఆడగుర్రాలు ఏడాది పొడవునా చిత్తడిలో ఇష్టారాజ్యంగా మేస్తాయి. ఎండలు ముదిరేముందు ఒక శనివారం మంద మొత్తాన్నీ ఊళ్ళోకి తోలుకొచ్చి, జూలు కత్తిరించి, ఆ ఏటి పిల్లలకు ముద్రలు వేసి పంపిస్తారు. మందకు ముందు నడిచే వరస ఏటా ఒక ఇంటికి వస్తుంది. ఒక ఇల్లు రెండుగా చీలితే, ఆ ఇంటి పాత జీను ఎవరి దగ్గరుంటే వరస వాళ్ళది. తగాదాలు రాకుండా పెద్దలెవరో ఎప్పుడో పెట్టిన కట్టడి ఇది. దాని పుణ్యమా అని తగాదా పడని ఇల్లు లేదు.

బెనీతా తాత పోయాక ఆ జీను కోసం హసింతో అనే ఆమె తండ్రీ, ఆమె బాబాయీ కొట్టుకున్నంత పని చేశారు. జీను హసింతోకి దక్కింది. బాబాయి కుటుంబంతో మాటలు ఆ రోజే తెగిపోయాయి. బాబాయి కొడుకు రోహెలియో, బెనీతా ఒకే వీధికి రెండు చివర్ల ఉంటూ ఇరవై ఏళ్ళుగా ఎదురుపడితే గోడలు చూసుకుంటూ పోయారు. హసింతో చివరి రోజుల్లో కూతురి చెయ్యి పట్టుకుని, "ఇల్లు పోయినా ఫర్లేదు, జీను మాత్రం ఆ గడప తొక్కనివ్వకు," అన్నాడు. బెనీతా సరేనంది. ఇన్నాళ్ళకు ఈ ఏడు వరస ఆమె ఇంటికి వచ్చింది.

హసింతో గుర్రాలన్నీ సన్నవి. వాటి మీద తాత జీను చక్కగా ఒదిగిపోయేది. కనేలో అలా కాదు, భోజనాల బల్లలా వెడల్పు. బెనీతా దాన్ని దాని నడక చూసి కొంది. నడక చూసి కొన్నందుకు వీపు చూసి ఖర్చు పెడుతూ వచ్చింది. ఆ నేలల్లో జీను అంటే లోపల చెక్క చట్రం, చుట్టూ దట్టంగా కుక్కిన రై పంట గడ్డి, పైన తోలు. వసంతంలో పచ్చిక తిని గుర్రం బలుస్తుంది, గడ్డి కొంత తీయించాలి. ఎండలకు చిక్కుతుంది, మళ్ళీ పెట్టించాలి. తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ ఒక దూడను అమ్మినంత అయ్యేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఆ మాట అన్నవాడు జీను కుట్టించి ఉండడు.

అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. జీను సరిగ్గా కుదిరిందనుకోండి, గుర్రం హాయిగా వీపెత్తి నడుస్తుంది. హాయిగా నడిస్తే కండ పడుతుంది. కండ పడితే జీను బిగుసుకుంటుంది. అంటే డబ్బు ఎంత మంచిపనికి పోస్తే అంత త్వరగా మళ్ళీ పోయాలి. ఊళ్ళోవాళ్ళు మాత్రం "ఇంకో దుప్పటి వెయ్యి, సరిపోతుంది" అని ఊరికే సలహాలు పారేసేవాళ్ళు. బిగుతు బూటులో ఇంకో మేజోడు తొడుక్కుని నడవమని బెనీతా వాళ్ళకు తిరుగు సలహా ఇచ్చేది.

మంద తోలే రోజుకు ఇంకా వారం కూడా లేదు. బెనీతా జీనును భుజానేసుకుని సెలెదోనియో కొట్టుకు వెళ్ళింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ జీనులు కుట్టేది ఆ ముసలాయనే.

"మావయ్యా, మార్చిలోనే కదా గడ్డి తీశావు. అప్పుడే బిగిసింది."

"నేను మార్చింది జీనుని. మారింది నీ గుర్రం. దాన్ని కూడా ఇక్కడ వదిలేసి పో, రెండింటినీ కలిపి కుట్టేస్తాను."

"నీ వెటకారాలు తర్వాత. శనివారం మంద. ఇరుకు వీధిలో, పిల్లలంతా గోడలకి అతుక్కుని నిలబడి ఉండగా గుర్రం నొప్పికి ఎగిరిందనుకో, ఎవరు జవాబు చెప్తారు?"

సెలెదోనియో జీను తిరగేసి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. "తియ్యడానికి ఇందులో గడ్డి లేదమ్మాయ్. ఇక మిగిలింది చెక్కే. చెక్కని కోస్తే ఇది మీ తాత జీను కాదు, పొయ్యిలో కట్టె."

"కొత్తది కుడతావా మరి?"

"ముందు ఒప్పుకున్నవి అయ్యేసరికి వచ్చే ఏడు మంద కూడా అయిపోతుంది. ఖరీదు కూడా చెప్తాను, ముందు ఆ పీట మీద కూర్చో."

బెనీతా కూర్చోలేదు. బల్ల మీద ఇంకో జీను వెల్లకిలా పడి ఉంది. పొట్ట విప్పి, అదనంగా కుక్కిన గడ్డి తీసేసినట్టున్నారు, పక్కన గడ్డి కుప్పగా పోసి ఉంది. ఊరికే నిలబడలేక బెనీతా తన రెండు చేతులూ ఆ జీను లోపల పెట్టి చూసింది. కనేలో మూపును ఎన్నిసార్లు కొలిచిందో, ఆ వెడల్పు ఆమె అరచేతులకు కంఠతా వచ్చు. చేతులు ఎక్కడా నొక్కుకోకుండా, ఎక్కడా ఖాళీ లేకుండా ఆ జీనులో కూర్చున్నాయి.

"ఇదెవరిది?"

"అమ్మకానికి కాదు."

"కొంటానన్నానా? ఎవరిదన్నాను."

సెలెదోనియో దారం పంటితో తెంపుకుని, సూది కోసం వెతుకుతున్నట్టు నటించాడు. "చెప్పకూడదు. ఆ పేరు నీ ముందు ఎత్తితే ఈ కొట్టు గుమ్మం తొక్కనన్నావు. నీ పేరెత్తితే తనూ తొక్కనన్నాడు. ఏటా ఇద్దరూ వస్తారు. ఇద్దరినీ పోగొట్టుకోమంటావా?"

"రోహెలియోదా?"

"నేననలేదు. నువ్వన్నావు."

"దీనికేం రోగం?"

"అటూ ఇటూ జారుతోందట. వాడి ఆడగుర్రం సన్నంగా కత్తిలా ఉంటుంది. కుక్కిన గడ్డి కుక్కినట్టే ఉండదు, ఏటా మళ్ళీ కుక్కాలి. నా వేళ్ళు అరిగిపోయాయి."

"సన్నమంటే ఎంత సన్నం?"

ముసలాయన కప్పు వైపు చూశాడు. తర్వాత తాత జీను వైపు చూశాడు. 

"నీకెప్పట్నుంచి తెలుసు మావయ్యా?"

"నువ్వు కనేలోని కొన్న వారం నుంచి."

బెనీతాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు సెలెదోనియో మీద వచ్చింది. ఆలోచించేకొద్దీ అది జారి తన మీదికే వచ్చింది. నోరు మూసుకోమన్నది తను. మూసుకున్నందుకు ఆయన్ని ఏమనగలదు? ఇన్నేళ్ళూ తన పంతానికి అద్దె కట్టింది కనేలో వీపు. ఆ మాట అనుకోగానే ఆమెకు సిగ్గేసింది, నిజంగానే వేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చునే మనిషి కాదు బెనీతా. "ఈ రెండూ శుక్రవారానికి సిద్ధం చెయ్యి. మొదట్లో ఎలా ఉన్నాయో అలాగే కుట్టు, ఎక్కువ కుక్కుళ్ళూ వద్దు, తీతలూ వద్దు," అని చెప్పి బయటికి నడిచింది.

వీధి రెండో చివర రోహెలియో తన ఆడగుర్రం సెరేసాను కడుగుతున్నాడు. గుమ్మంలో బెనీతాను చూసి చేతిలో బాల్చీ కింద పెట్టాడు.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"దారి నాకు తెలుసులే. గుమ్మానికి రంగు మార్చావు, అదే కొత్త. దాని వీపు చూడనీ."

"నా గుర్రం వీపు నీకెందుకు?"

"చూడనీ అన్నాను."

అతను అడ్డు చెప్పేలోపే ఆమె చూసేసింది. జీను జారి జారి సెరేసా నడుము దగ్గర వెంట్రుకలు ఊడిపోయి చర్మం బయటపడింది. బెనీతా మెల్లగా వేలు పెడితే గుర్రం ఒళ్ళంతా వణికింది.  గుర్రాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఆ వణుకు చూస్తే తల ఎత్తబుద్ధి కాదు.

"నాదీ ఇలాగే ఉంది," అంది బెనీతా. "తాత జీను దీనికి సరిపోతుంది. నీది కనేలోకి సరిపోతుంది. శనివారానికి మార్చుకుందాం."

"మీ నాన్న వింటే సమాధిలోంచి లేస్తాడు."

"లేస్తే మంచిదే. సెలెదోనియోకి పోసిందంతా లెక్క చెప్తాను, మళ్ళీ పడుకుంటాడు."

రోహెలియోకు నవ్వు వచ్చింది గానీ మీసం కింద దాచుకున్నాడు. "సరే, వరస సంగతేంటి? జీను ఎవరి దగ్గరుంటే వరస వాళ్ళది. నా గుర్రం మీద ఉంటే నాదవుతుంది."

"ఇవ్వడం లేదురా, ఎరువిస్తున్నాను. జీను నాదే."

"గుర్రం నాది."

"అయితే ఇద్దరం ముందుంటాం. పక్కపక్కన."

"అలా ఎప్పుడూ జరగలేదక్కా."

"జరక్కూడదని కూడా ఎవరూ అనలేదు."

"ఊళ్ళో దిగేదాకా నన్ను తిట్టకుండా ఉండగలవా?"

"ఉండలేను. నువ్వు?"

"నేనూ ఉండలేను."

"ఇంకేం, కుదిరింది," అని బెనీతా వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే చిత్తడిలోంచి మంద కదిలింది. వెనక తోలేవాళ్ళ కేకలు, మధ్యలో తల్లుల కోసం పిల్లల సకిలింపులు, ముందు ఇద్దరే ఇద్దరు. ఎక్కినప్పుడే బెనీతాకు తేడా తెలిసింది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే రోజూ కొరకడానికి తిరిగే కనేలో ఆ పూట తల కూడా తిప్పలేదు. కాలువ దాటాక అడుగు పొడుగైంది. ఇంత నడక దీని లోపల ఉందా అనిపించింది బెనీతాకు, ఆ నడక చూసే కదా కొన్నాను అని గుర్తొచ్చింది. రోహెలియో చూడకుండా మొహం పక్కకు తిప్పి కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా అక్కా?"

"దుమ్ము. నువ్వు ముందు చూసి నడు, తాత జీను మీద కూర్చుని కింద పడితే నవ్వుతారు."

ఊళ్ళోకి వచ్చేసరికి గోడల వెంట జనం నిండిపోయారు. తాత జీను రోహెలియో కింద కనబడగానే గుసగుసలు బయల్దేరాయి. రొట్టెల కొట్టు ఉర్సులా గుసగుసలతో సరిపెట్టుకునే మనిషి కాదు. "బెనీతా, జీను ఓడిపోయావటే?" అని గుమ్మంలోంచి అరిచింది.

"ఓడిపోతే వెనకుండేదాన్ని. ఎక్కడున్నానో చూసి మాట్లాడు," అంది బెనీతా పగ్గం సడలించకుండా.

చర్చి మలుపులో గంట మోగగానే ఒక పిల్ల గుర్రం బెదిరి పక్క సందులోకి దూకింది. తల్లి దాని వెంట దూకబోయింది, ఆ తల్లి వెంట మంద తిరగబోయింది. సందు నిండా ఊరి పిల్లలు. బెనీతా ఆలోచించలేదు, కాలు నొక్కింది. కనేలో వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టు తిరిగి సందుకు అడ్డం నిలబడింది. వారం కింద అదే మలుపు తిప్పి ఉంటే బెనీతా గాల్లో ఉండేది. అవతలి పక్క సెరేసా కూడా రాయిలా నిలబడింది. ఎటూ దారి లేక మంద తిన్నగా సాగింది. పిల్ల గుర్రం తనంతట తనే తిరిగొచ్చి తల్లి పొట్ట కింద దూరింది. ఉర్సులా ఆ తర్వాత రొట్టెల సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

దొడ్లలోకి మంద చేరాక, గోడ నీడలో ఇద్దరూ గుర్రాలు దిగారు. బెనీతా ముందు కనేలో జీను దించింది. వీపంతా, మూపు నుంచి నడుము దాకా, ఒక్కలా తడిసి ఉంది. ఎక్కడా పొడి లేదు. ఆమె అరచెయ్యి పెట్టి చూసుకుంది, మళ్ళీ పెట్టి చూసుకుంది. తర్వాత సెరేసా పక్కకు వెళ్ళింది. రోహెలియో అప్పటికే తాత జీను దించి చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు. సెరేసా వీపు కూడా అలాగే తడిసి నిగనిగలాడుతోంది.

"ఇదిగో, నీ ఎరువు," అని రోహెలియో జీను ముందుకు చాపాడు. మాట ప్రకారం ఇచ్చేయడానికే చాపాడు గానీ, చేతులు మాత్రం వదలాలా వద్దా అన్నట్టున్నాయి.

బెనీతా జీను తోలు మీద చెయ్యేసింది. తాత తొడలకు అరిగి నల్లబడిన చోటు, దాని మీదే తండ్రి తొడలకు అరిగిన చోటు, దాని మీద తనది. చిన్నప్పుడు ఈ ముందు కొమ్ము పట్టుకునే ఆమె గుర్రం ఎక్కడం నేర్చుకుంది. నేర్పింది హసింతో.

"తీసుకెళ్ళి మీ గోడకి తగిలించుకో," అంది.

రోహెలియోకు అర్థం కాలేదు. "వచ్చే మంద దాకానా?"

"సెరేసా ఉన్నంత కాలం. ఆ తర్వాత దాని పిల్లకి సరిపోతే దాని పిల్లకి. నీ జీను నా దగ్గరుంటుంది."

"వరస కూడా పోతుందక్కా. జీనుతో పాటు పోతుంది. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే మాట్లాడుతున్నాను."

"పెదనాన్నకి మాటిచ్చావని ఊరంతటికీ తెలుసు. ఆయనకేం చెప్తావు?"

బెనీతా గడ్డి చుట్ట తీసుకుని కనేలో వీపు తుడవడం మొదలుపెట్టింది. తెల్ల వెంట్రుకలున్న చోట చెయ్యి నెమ్మదించింది. కనేలో కళ్ళు సగం మూసుకుని, మొదటిసారిగా ఆ చోటును ఆమె చేతికి ఆనించింది.

"ఆయన ఈ వీపు చూడకుండా పోయాడురా," అంది బెనీతా. "చూసుంటే ఆ మాట అడిగేవాడు కాదు."