గాలి పట్టిన పైపు

లస్మయ్య సంగతి చెప్పాలంటే స్టీరింగు దగ్గరే మొదలుపెట్టాలి. ముప్పై ఒక్క ఏండ్లు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ బస్సు నడిపిన మనిషి. తాడ్వాయిలో ఏ ఇంటి ముందర కుక్క అడ్డం వస్తుందో, లింగంపేట దాటాక ఏ మలుపులో వడ్లు ఆరబోస్తారో, అన్నీ ఆయన కాళ్లకూ చేతులకూ ఎరుకే. నౌకరి దిగి మూడేండ్లయినా, ఎల్లారెడ్డిలో ఇంటి ముందు కూర్చొని చాయ్ తాగుతుంటే ఎడమకాలు దానంతటదే క్లచ్చు తొక్కేది. పెండ్లాం ఈరవ్వ చూసి నవ్వేది. "గా గడపను ఎందుకు తొక్కుతవయ్య, గేరు పడ్తదా?" అనేది.

నవ్వేదే గాని, ఆమెకు కూడా తెలియని సంగతి ఒకటుంది. లస్మయ్యకు చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నది తూములోంచి చూసినట్టు కనబడుతుంది, అటూ ఇటూ చీకటే. కంటినరం ఎండిపోతున్నది, పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోమని డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పిననాడు డ్రైవరు లస్మయ్య పోయి ఉత్త లస్మయ్య మిగులుతాడని బుగులు.

ఆయన కోరిక ఒక్కటే. చూపు మొత్తం ఆరిపోకముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇంజను తన కాలికింద లేవాలి.

కామారెడ్డిలో ఆయన అక్క కొడుకు మల్లేషుకు మోటార్ల షెడ్డు ఉంది. పాత కారొకటి కొని, దానికి సూపర్‌చార్జరు బిగించాడు. అది ఇంజనులోకి గాలిని కూరికూరి తోస్తుంది. కూరిన గాలి కాగుతుంది, కాగిన గాలితో బలం రాదు. అందుకని గాలిని ఒక పెట్టెలోంచి పోనిచ్చి, పెట్టెలోని సన్నగొట్టాల్లో పంపు పెట్టి నీళ్లు తిప్పుతారు. ఆ నీళ్లు బంపరు వెనుకున్న చిన్న రేడియేటరుకు పోయి, చల్లారి మళ్లీ రావాలి. చెప్పడానికి ఇంతే. వారం రోజులైనా మల్లేషుకు అదే కుదరలేదు. రెండుసార్లు గట్టిగా తొక్కితే చాలు, కారు అలిసిన ఎద్దులా చతికిలబడేది. పంపు గుయ్యిమని తిరుగుతోంది, నీళ్లేమో కదలవు. కొత్త పంపు వేసినా అదే తీరు.

"మామా, నువ్వొకపారి వచ్చి చూడరాదు," అని ఫోను చేశాడు. "మంచిగైతే మొదట నువ్వే తోలుదువు."

ఆ మాట విన్నాక లస్మయ్య ఎల్లారెడ్డి బస్టాండుకు ఎట్లా వచ్చి పడ్డాడో ఆయనకే తెలియదు.

షెడ్డులో కండ్లను నమ్ముకోలేదు, చేయి పెట్టాడు. పెట్టె దగ్గర పైపు కాలుతోంది. ముందరి రేడియేటరు కుండలా చల్లగుంది. వేళ్లతో పైపు వెంబడే పోయాడు. సైలెన్సరు గొట్టం వేడి తగలొద్దని మల్లేషు దాన్ని హెడ్‌లైటు మీది నుంచి ఎత్తి, గుండ్రంగా తిప్పి, క్లిప్పులు పెట్టి ముచ్చటగా దించాడు. ఆ ఎత్తు దగ్గర లస్మయ్య చేయి ఆగింది.

"నీళ్లు పోసే డబ్బ ఏడ పెట్టినవ్‌ర?"

"గీడ కింద, మామా."

"డబ్బ కంటె పైపు మీదికెక్కె. గాలంత గీ గూని కాడ కూసున్నది. అది లేస్తెనే గదా నీళ్లు పోయేది."

"చూడ మంచిగుంటదని గట్ల తిప్పిన."

"పెండ్లిపిల్లకు వడ్డాణం పెట్టినట్టు పెట్టినవు. నడుము సొమ్ము నెత్తికి కట్టినవు."

ఇద్దరూ కలిసి డబ్బాను అన్నిటికంటే ఎత్తున బిగించారు. పంపును అడుగుకు దించారు. పైపును బ్యాటరీ కింది నుంచి, ఎక్కడా మడతపడకుండా, సైలెన్సరు గొట్టానికి ఎడంగా తెచ్చారు. డబ్బా మూత తీసి మల్లేషు నీళ్లు పోస్తుంటే, లస్మయ్య బర్రె పొదుగు పిండినట్టు పైపును పిసికాడు. గుడగుడమని బుడగలు లేచాయి, లేచి లేచి ఆగిపోయాయి. ఇంజను నడవగానే డబ్బాలో నీళ్లు సుడి తిరిగాయి. కాసేపటికి ముందరి రేడియేటరు గోరువెచ్చనైంది.

మల్లేషు పక్కసీట్లోకి జరిగి, తాళంచెవి మామ చేతిలో పెట్టాడు.

లస్మయ్య సీటు సర్దుకున్నాడు, తాళం తిప్పాడు. మూడేండ్లుగా ఎదురుచూసిన గుర్రుమనే చప్పుడు అరికాలిలోంచి ఎక్కి గుండెకు తగిలింది. కారు మెల్లగా షెడ్డు గేటు దాకా వచ్చింది. రోడ్డు కనబడింది, ఎదుట ఎవరూ లేరు. క్లచ్చు వదలబోతుంటే పక్కన హారను మోగింది. కుడివైపు నుంచి ఆటో ఒకటి బంపరును రాసుకున్నట్టే దాటింది. బంపరు ముందుకొచ్చాక గాని అది ఆయన చూపు తూములోకి రాలేదు. వెనుక సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్లో పసిపిల్ల.

మామ ఆటోను చూసే కారు ఆపాడనుకున్నాడు మల్లేషు. ఇప్పుడు రోడ్డు ఖాళీ, పోనీయమన్నాడు.

నిజమే, ఖాళీయే. ఆ మాట పట్టుకొని పోవచ్చు. ఊరు దాటితే దారంతా ఆయనదే. కాని బతుకంతా ఒక్క కోడినైనా తొక్కని బండి ఆయనది. లస్మయ్య చాలాసేపు స్టీరింగును అట్లాగే పట్టుకొని, ఇంజను ఆపేశాడు.

"నాకు పక్కలు కానొస్తలేవు మల్లేషు. ఏడాదాయె. మీ అత్తకు సుత చెప్పలె."

మల్లేషు దిగి, ఇటువైపు వచ్చి తలుపు తీశాడు.

"జరుగు మామా, నేను తోల్త. అత్త కాడికి పోదాం. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె."

కారు ఎల్లారెడ్డి దారి పట్టింది. మల్లేషు ఎంత తొక్కితే అంత ఉరికింది, ఎక్కడా బలం తగ్గలేదు. ఒక్కో మలుపు రాకముందే లస్మయ్య భుజం అటు వంగుతోంది. తాడ్వాయి వచ్చింది, పోయింది. బస్సులో ఎన్నడూ ఇంత తొందరగా దాటలేదు.

"మెల్లగ తోలు, అల్లుడా."

"భయమైతుందా మామా?"

"భయం గాదు. గింత జల్ది తోల్తే ఎల్లారెడ్డి వస్తది."