విచారణ రోజున పనిచేయని లిఫ్ట్

నగరపాలక సంస్థ మీద నష్టపరిహారానికి అర్జీ పెట్టేవాళ్ళంతా దొంగలని నేననను. వందలో తొంభైమందే. ఇరవై రెండేళ్ళుగా సంస్థ తరఫు లాయరుగా ఆ అర్జీలు తేలుస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? గుంటలో పడ్డానంటాడొకడు, తీరా చూస్తే ఆ రోజు ఊళ్ళోనే లేడు. చెయ్యి విరిగిందని కట్టుతో వచ్చి, అదే చేత్తో సంతకం పెట్టినవాడున్నాడు. ఇక మెడకు పట్టీ వేసుకుని గంటసేపు మూలిగిన మహానుభావుడైతే, గేటు దాటగానే కదిలిపోతున్న బస్సు వెంట పరుగో పరుగు. కిటికీలోంచి చూశాను. ఆ రోజే నాకీ ఉపాయం తట్టింది.

మా విచారణ గది మూడో అంతస్తులో ఉంది. కాళ్ళూ నడుములూ పోయాయనేవాళ్ళను పిలిచిన రోజున కింద వాచ్‌మన్ లిఫ్ట్ ఆపేసి, 'పనిచేయుట లేదు' అని బోర్డు తగిలిస్తాడు. నేను పైమెట్టు దగ్గర నిలబడి చూస్తాను. వెంట వచ్చినవాళ్ళు చెయ్యి వేయకూడదు, అది కూడా నేను పెట్టిన నియమమే. పైకి చేరినవాళ్ళ కాగితం మీద 'ఎవరి సాయం లేకుండా మూడంతస్తులు ఎక్కగలిగారు' అని రాస్తాను. ఆ ఒక్క ముక్కతో సగం అర్జీలు చెత్తబుట్టకు పోతాయి. "నీ బుర్రే బుర్రోయ్!" అని మా పెద్ద లాయరు నా భుజం తట్టాడు. ఆయన మాత్రం ఈ ఆఫీసులో ఒక్క మెట్టెక్కిన పాపాన పోలేదు. ఆయన పైకి చేరాకే లిఫ్ట్ ఆపుతారు.

ఆ రోజు పిలిచింది ఒక సిటీబస్సు కండక్టరును. మూతలేని మురుగుకాలువలో పడి మోకాలు చితికిందని అర్జీ. బస్సులు కూడా మా సంస్థవే. కాలు దెబ్బతిన్నదని మేం ఒప్పుకుంటే ఆవిడకు డిపోలో కూర్చుని పాసులిచ్చే పని దొరుకుతుంది. ఒప్పుకోకపోతే సోమవారం నుంచి మళ్ళీ బస్సులో రోజంతా నిలబడాలి, నిలబడలేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఫైలు చూసి పెదవి విరిచాను. కూర్చుని చేసే పని ఎవరికి చేదు?

వెంట అత్తగారొచ్చింది. ఆవిడ నోరు కింది నుంచే వినబడింది.

"ఇంత మేడ కట్టుకున్నారు, ఓ లిఫ్ట్ బాగుచేయించుకోలేరా? మీ మొహాలు మండ!"

"ఊరుకోండత్తయ్యా, వింటారు."

"విననీ. వినాలనేగా అంటున్నా."

నవ్వుకున్నాను. ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేదు. ఏదో ఈడుస్తున్నట్టు వినిపిస్తోంది. వంగి చూశాను.

కండక్టరు నాకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ వెనక మెట్టు మీద ఆనించి, బాగున్న కాలితో తన్ని, ఒళ్ళంతా పైకి లాక్కుని ఆ మెట్టు మీద కూలబడుతోంది. కట్టు కట్టిన కాలు ముందుకు చాచి ఉంది. అది మెట్టుకు తగిలినప్పుడల్లా బస్సు బ్రేకు పడ్డట్టు ఒళ్ళు బిగుసుకుంటోంది. కింది మెట్ల మీద అత్తగారు చంకకర్రలు ఒక చేత్తో, కోడలి చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని వస్తోంది.

"ఇంకెన్ని ఉన్నాయే?"

"లెక్కపెట్టకండత్తయ్యా. లెక్కపెడితే ఎక్కలేను."

నటన అనుకుందామని చాలా ప్రయత్నించాను. కానీ ఎవరికోసం నటిస్తుంది? పైన నేనున్నట్టే ఆవిడకు తెలీదు.

నలభై నిమిషాలు పట్టింది. చివరి మెట్టెక్కి, తల తిప్పి నన్ను చూసి గబగబా బట్టలు సర్దుకుంది.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి సార్. లిఫ్ట్ పాడైందట. మీరూ పొద్దున్నే ఇవన్నీ ఎక్కే వచ్చుంటారు పాపం."

నాకు తల కొట్టేసినట్టయింది.

లోపలినుంచి పెద్ద లాయరు కేకేశాడు. "ఎక్కిందా?"

"ఎక్కిందండీ."

"ఎవరైనా సాయం పట్టారా?"

"లేదండీ."

"ఇంకేం, రాసి పారెయ్. భోజనం వేళవుతోంది."

పెన్ను తీశాను. 'ఎవరి సాయం లేకుండా' అని రాసి ఆగిపోయాను. ఇన్నేళ్ళూ గోడ పట్టుకుని వచ్చినవాళ్ళనూ, చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళనూ, మెట్టుమెట్టుకీ ఏడ్చినవాళ్ళనూ ఇదే వాక్యంలో కుక్కేశాను. వాళ్ళలో దొంగలెందరో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మెట్ల మీదనుంచి కిందికి అరిచాను. "లిఫ్ట్ వెయ్యవయ్యా!"

"అప్పుడేనా సార్? విచారణ అయిపోయిందా?" అన్నాడు వాచ్‌మన్ కిందినుంచి.

లిఫ్ట్ పైకొచ్చి తలుపు తెరుచుకుంది. అత్తగారు దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇప్పుడే బాగైందా బాబూ?"

"అసలు పాడవలేదమ్మా. ఈవిడ ఎక్కగలదో లేదో చూద్దామని నేనే ఆపించాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కోడలి చంకల కింద కర్రలు పెట్టి నిలబెట్టింది. తర్వాత, "ఆ ముక్క కాగితం మీద రాస్తావా?" అంది.

రాసింది కొట్టేశాను. 'లిఫ్ట్ నేనే ఆపించాను. కూర్చుని, వెనక్కి, అరవై ఆరు మెట్లు ఎక్కింది. నలభై నిమిషాలు పట్టింది' అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఒక నకలు ఇచ్చాను. అప్పటికి పెద్ద లాయరు బయటికొచ్చి నా భుజం మీదుగా చదివాడు.

"మతి పోయిందా నీకు? ఇది బయటికెళితే పాత కేసులన్నీ తిరగదోడతారు. ముందు ఊడేది నీ ఉద్యోగమే!"

"ఊడనివ్వండి" అన్నాను. అనేటప్పుడు, సిగ్గులేకుండా, నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది.

కండక్టరు లిఫ్టులో గోడకానుకుని ఆ కాగితం చదువుతోంది. చివరి వరుస దగ్గర ఆగి తలెత్తింది.

"నలభై నిమిషాలూ మీరు పైనుంచి చూస్తూనే ఉన్నారా సార్?"

"చూస్తూనే ఉన్నానమ్మా" అన్నాను.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. అత్తగారు చెయ్యి చాచి కిందికి వెళ్ళే మీట నొక్కింది.