టీబీ లేని ఊరు

మా నాన్న బసవపున్నయ్యకు జబ్బు కంటే మొహమాటం ఎక్కువ. నా కడుపుమంటంతా అదే.

పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆయన టీబీకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రలు వాడుతున్నాడు. ఒళ్ళు కాస్త కోలుకుంటోంది. ఇంకొన్నాళ్ళు మింగితే గండం గడిచినట్టే. అంతలో మా ఊరిని టీబీ లేని ఊరుగా ప్రకటిస్తారని కబురొచ్చింది. రోగులెవరూ ఉండకూడదట. ఉన్నది మా నాన్న ఒక్కడే.

సర్పంచ్ జయకృష్ణ ఇంటికొచ్చాడు. "బాబాయ్, నువ్వు బెజవాడలో మీ అమ్మాయి శ్రీదుర్గ దగ్గర ఉంటున్నావని రాయిస్తా. మందులు అక్కడే ఇస్తారు. ఊరికి పేరొస్తది, నీ సొమ్మేం పోద్ది?"

నాన్న సరేనన్నాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు.

మాత్రలు అయిపోయాక ఊరి ఆసుపత్రికి వెళ్తే, "మీ పేరు ఇక్కడ లేదండీ, విజయవాడ వెళ్ళండి" అన్నారు. నేను అక్కడే ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్లో పనిచేస్తాను. సెలవు పెట్టి ఆయన్ని మా పేట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "పేరొచ్చిందమ్మా, మందులే రాలేదు. పాత చోటే అడగండి" అన్నారు. మళ్ళీ పామర్రు బస్సెక్కాం. అక్కడా అదే పాట. కొందామంటే మందుల షాపుల్లో దొరకలేదు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని మొదట్లో భయపెట్టింది వీళ్ళే, ఇప్పుడు ఆపిందీ వీళ్ళే. నాన్నకు మళ్ళీ సాయంత్రాలు జ్వరం మొదలైంది.

ఆ వారమే ఊళ్ళో సభ పెట్టారు. ఫ్లెక్సీలో జయకృష్ణ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. వచ్చిన అధికారికి శాలువా కప్పడానికి ఊరి పెద్దగా ఎవరిని పిలిచాడో తెలుసా? మా నాన్ననే. సిగ్గనేది ఉంటే కదా! నేనూ వెనకే వేదికెక్కి మైకు లాక్కున్నాను.

"ఈయనకు టీబీ ఉంది. మీ సంబరం కోసం మందులు లేకుండా చేశారు. ముందు మాత్రలివ్వండి, తర్వాత కప్పించుకోండి శాలువాలు!"

జయకృష్ణ నవ్వు చెదరకుండా నా చేతిలోంచి మైకు తీసి నాన్నకిచ్చాడు. "నువ్వే చెప్పు బాబాయ్."

నాన్న నా వంక చూడలేదు. "అమ్మాయి కంగారు పడుతోందండీ. నాకేం లేదు, బానే ఉన్నా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది, జయకృష్ణ మీద కంటే నాన్న మీదే ఎక్కువ.

అంతలో దగ్గు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. మైకు నోటి దగ్గరే ఉంది. ఆ దగ్గు సౌండ్ బాక్సుల్లోంచి కాలవ గట్టు దాకా మోగింది. ఊపిరాడక, అధికారి కోసం తెచ్చిన శాలువానే నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నేను నాన్న వీపు నిమురుతూ మైకు అందుకున్నాను.

"ఇప్పుడు రాసుకోండి సార్, ఈ దగ్గు ఏ ఊరిదో."