మునియక్క తాగిన పసరు

నలిగిన ఆకు వాసన. చేదు... కొంచెం తడిమట్టి, కొంచెం పచ్చి మిరియం.

సోగత్తూరులో మునియక్క ఇంటి వాకిలి దాకా వస్తుంది.

మునియక్కది బోదకాలు. ఎవరికీ బోధపడని కాలు. చెప్పు పట్టదు. కాలు లావెక్కేకొద్దీ లోకం సన్నబడింది — మొదట నల్లంపల్లి సంత పోయింది, తర్వాత పెళ్లిళ్లు, తర్వాత వీధి.

ఆమె అన్న కూతురు కవిప్రియ చెన్నైలో పరిశోధన చేస్తోంది. ఈ జబ్బుకే, మొక్కల్లో మందు వెతుకుతోంది. వత్తల్‌మలై కొండమీద వాపులకు నూరి కట్టుకట్టే ఆకొకటి తెప్పించి ఇచ్చింది అత్తే. కవిప్రియ దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, సారం తీసింది.

గాజు గిన్నెలో పురుగులు. కబేళాలో పశువుల కడుపులోంచి తెచ్చినవి. తెల్లటి దారాలు. మనిషికి బోదకాలు తెచ్చే పురుగుకి దాయాదులు.

సారం చుక్క పడింది.

మెలిక తిరిగాయి. మెల్లగా తిరిగాయి. తిరగలేదు.

పురుగుల పరుగు ఆగింది.

తాను ఆగలేక కవిప్రియ ఫోన్ చేసింది. "అత్తా, నీ ఆకుకి పురుగులు చచ్చినాయి."

"చావనీ మే. ఇన్నేండ్లు నా కాల్లో కాపురం చేసినాయి, ఒకనాడన్నా బిందె నీళ్లు మోసినాయా?"

పురుగు లోపలే ఉంది కదా — అని కాలికి ఆకు కట్టు మానేసి, పరగడుపున అదే ఆకు పసరు లోటాడు తాగడం మొదలుపెట్టింది మునియక్క.

ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో నాటు మందు తాగేవాళ్లు తాగుతున్నామని నోరు విప్పరు. విప్పితే మందు పారదు. వాసన గురించి అడిగినవాళ్లతో, "కోళ్లకి తెగులు, మందు నూరినా" అంటుంది.

చెన్నైలో ఇంకో గిన్నె. ఇందులో పురుగుల్లేవు. మనిషి కాలేయపు కణాలు. అదే సారం... అదే చుక్క.

అవీ చచ్చాయి. పురుగుల కంటే ముందే.

ఆదివారం కవిప్రియ బస్సు దిగి వచ్చింది, మొహం వేలాడేసుకుని. ఓడిపోయిన కబురు చెప్పి పోదామనే వచ్చింది.

"ఆకు పనికిరాదత్తా. కార్జాన్ని కూడా చంపుతాది."

"గిన్నెలో కార్జం కదా మే. దానికి సంగటి ఎవరు పెట్టినారు?"

నవ్వింది మునియక్క. ఎండలోకి తిరిగి నవ్వింది.

అప్పుడు చూసింది కవిప్రియ — అత్త కళ్లు. తెల్లగుడ్డంతా పసుపు. పచ్చకామెర్లు.

పసరు... పసిరికలు. ఎంత దగ్గరి చుట్టరికం.

"అత్తా. ఆ ఆకు తాగుతా ఉండావా?"

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

"పెద్దాసుపత్రికి పోదాం, లెయ్. డాక్టర్ అడుగుతాడు. తాగినానని ఒక్క మాట చెప్పు... నాకన్నా చెప్పు."

మునియక్క పెదాలు బిగించింది. చీర కుచ్చిళ్లు పైకి లాగింది — ఇన్నేళ్లుగా ఎవరికీ చూపని కాలు. చీలమండ దగ్గర వేలు పెట్టింది. అక్కడొక ఎముక. వాపు తగ్గి తేలిందేమో... తేలలేదేమో.

చూడు, చూడు అన్నట్టు నొక్కుతోంది.

గుంట పడుతోంది. నిండుతోంది.

గుంట పడుతోంది...