సర్దారు సంతకం పెట్టిన మడతలు

మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి వెన్నుపోటు పొడుస్తుందని ఎవరనుకుంటారు? దీప అనుకోలేదు. గోదావరిఖనిలో తను చదివే డిగ్రీ కాలేజీ హాల్లో, రెండు నెలలు కష్టపడి తను చేసిన మైటోకాండ్రియా నమూనా ముందు పెట్టిన చీటీ మీద స్నేహితురాలు శ్రీలేఖ పేరొక్కటే ఉంది. ఈ సైన్స్ ప్రదర్శనలో గెలిచినవాళ్లే హైదరాబాద్ పోటీకి వెళ్తారు.

"ఒక్క పేరే ఉండాలన్నారే. నా చేతిరాత బాగుంటుందని ఫారం నువ్వే నన్ను నింపమన్నావుగా. ఏమీ అనుకోవులే అని..." అంది ఇంజనీరు గారమ్మాయి శ్రీలేఖ, చూపు తప్పించి.

అనుకోకుండా ఉండటానికి దీపేమన్నా రాయా?

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో లోపలి పొర మడతలు మడతలుగా ఉంటుంది. ప్రతి మడతకూ గోడను కలిసే చోట సన్నటి మెడ. ఆ మెడను కొన్ని ప్రోటీన్లు బిగించి పట్టుకుంటాయి. అవి లేకపోతే మడతలు గోడను వదిలేసి లోపల చుట్టలుగా పడి ఉంటాయి, కణానికి సత్తువ తగ్గిపోతుంది. నమూనా మొదలుపెట్టిన రోజుల్లో దీప ఇదంతా ఇంట్లో చెప్తుంటే తండ్రి సదయ్య చప్పున అందుకున్నాడు.

"అంటే మా బాయిల సపోర్టు అసోంటిదే గదా బిడ్డా!"

బాయంటే బొగ్గుగని, సపోర్టంటే కప్పు కూలకుండా నిలబెట్టే దిమ్మె. సదయ్య ఆ గనిలో సర్దారు. కూలీలు పనిలోకి దిగేముందు పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, బాగుంటే సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టడం ఆయన పని. నమూనాలో ఎర్ర రెక్సిన్ మడతల మెడలకు ఆయనే టేకుముక్కలు చెక్కి బిగించాడు. వేలితో కొట్టి చూసి, అడుగున సంతకం కూడా గీశాడు. ఆ రోజు శ్రీలేఖ దీప వాళ్లింట్లోనే సర్వపిండి తింటూ, ఆ సంతకం చూసి పడీపడీ నవ్వింది.

ఇప్పుడా టేకుముక్కలు లేవు. మోటుగా ఉన్నాయని పీకేసి, మడతలను జిగురుతో అంటించి, మొత్తానికి బంగారు రంగు పూసింది మహాతల్లి.

మొదటి షిఫ్టు దిగి సదయ్య నేరుగా హాలుకే వచ్చాడు. నమూనాను వేలితో కొట్టాడు. వంగి అడుగున చూశాడు. సంతకం మీద రంగు పూసి ఉంది. తర్వాత పేరు చీటీ చదివాడు. సిగ్గుపడాల్సింది తను కాదని తెలిసినా దీపకు తలెత్తబుద్ధి కాలేదు.

"నా సంతకం తుడిచినవా బిడ్డా?" అన్నాడు శ్రీలేఖతో, మెల్లగా. కోప్పడినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే ఒక మడత గోడను వదిలి జారింది. జడ్జీలు పక్క బల్ల దాకా వచ్చేశారు.

"దీపా, కాస్త పట్టుకోవే!" అంది శ్రీలేఖ.

దీప చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మూడేళ్లుగా అంతే, ఆమె అడగడం, తను పట్టుకోవడం. సదయ్య జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద ఇంటూ గుర్తు వేశాడు. కప్పు మీద నమ్మకం లేని చోట ఆయన గనిలో వేసే గుర్తు అది. అది పడ్డాక అక్కడ ఎవరూ నిలబడరు.

"ఈడ ఉండద్దు బిడ్డా. నడువు."

దీప చెయ్యి వెనక్కి తీసుకుంది. వాళ్లు తలుపు దాకా వెళ్లేసరికి వెనక జడ్జీ గొంతు వినిపించింది. "ఈ మడతల్ని మెడ దగ్గర పట్టి ఉంచేది ఏమిటమ్మా?"

జవాబు దీప నాలుక మీదే ఉంది. శ్రీలేఖ తన కోసం చూస్తూ ఉంటుందనీ తెలుసు. దీప వెనక్కి తిరగలేదు.