ఇంటర్వెల్‌కి వచ్చే మనిషి

ఆవిడ రోజూ ఇంటర్వెల్‌కే వచ్చేది.

భీమవరంలో సినిమా హాలుకి ఎదురుగా నాది జెరాక్స్ షాపు. మ్యాట్నీకి ఎవరొచ్చారో, ఎవరు మధ్యలో లేచిపోయారో కుర్చీలోంచే తెలిసిపోతుంది. నాలుగు కాగానే యాభై ఏళ్ళావిడ ఆటో దిగేది. గేటు దగ్గర బతిమాలి పూర్తి టికెట్ తీసుకుని లోపలికి పరిగెత్తేది. ఆట వదిలాక అందరికంటే చివర, ముఖం వేలాడేసుకుని బయటికొచ్చేది. మరునాడు మళ్ళీ అంతే. బుధవారానికి ఆరో రోజు.

నా పేరు ఫిన్నీ. సినిమాల గురించి నాకు తెలియంది లేదని మావాళ్ళు అంటారు. నా ఫేస్‌బుక్ పేజీని పద్నాలుగు వేల మంది చూస్తారు. ఈ ఏడాది మొదట్నుంచీ వచ్చినవన్నీ కుటుంబ కథలే. తండ్రి రాసిన ఉత్తరం, తల్లి దాచిన జబ్బు, అన్నదమ్ముల మధ్య గోడ. ఏడ్చి ఏడ్చి జనం అలిసిపోయారనీ, ఇక వేసవిలో సముద్రపు దొంగల సినిమా, దాని వెనకే రెండు భాగాల దెయ్యం సినిమా వచ్చి హాళ్ళకి ప్రాణం పోస్తాయనీ రాశాను. ఆవిడ చూస్తున్నది ఆ ఏడుపు సినిమాల్లో ఒకటి, వచ్చి రెండు వారాలైంది. మొదటి రోజే చూసి దాన్ని ఏకేసింది నేనే. అందులో రెండో సగం మరీ నీరసం. దాన్ని ఆరుసార్లు చూడడానికేముంది?

ఇక ఆగలేక ఆట వదలగానే ఎదురెళ్ళాను. ఆ సినిమాలో మీకంత నచ్చిందేంటని అడిగాను.

"నచ్చడానికి ముందు కనబడాలి కదండీ," అంది.

పేరు సంపూర్ణమ్మ. రొయ్యల షెడ్డులో పని. మూడున్నర దాకా వదలరట, అందుకే ఇంటర్వెల్‌కి రావడం. ఆవిడ ఇల్లు రెండు రొయ్యల చెరువుల వెనక ఉంది. రోడ్డు మీదికి ఒకటే దారి. నెల క్రితం చెరువు ఆసామి బుల్లబ్బాయి గారు చెరువు పెద్దది చేస్తూ ఆ దారిని తవ్వి కలిపేసుకున్నాడు. అక్కడ దారే లేదని ఇప్పుడు వాదిస్తున్నాడు. మిగిలింది జానెడు గట్టు. ఆవిడ దాని మీద ఎలాగో నడుస్తుంది. భర్త అబ్రహాముకి మోకాళ్ళు పనిచేయవు. నెల రోజులుగా ఆయన గడప దాటలేదు. శుక్రవారం పొద్దున్న సర్వేయరు వస్తున్నాడు. చూపించడానికి ఆవిడ దగ్గర ఒక్క కాగితం లేదు.

కానీ నిరుడు ఆ దారి మీద షూటింగ్ జరిగింది. హీరోయిన్ సైకిల్ తొక్కింది. అది ఇంటర్వెల్ తర్వాత వస్తుందని షెడ్డులో ఎవరో చెప్పారట.

"కళ్ళార్పకుండా చూస్తున్నానండి. ఒక్కసారీ రాలేదు."

ఆ సైకిల్ పాట నేను చూశాను. నాలుగు నిమిషాలు. 'ఆ పాట తీసేస్తే సినిమా బతుకుతుంది' అని పేజీలో రాశాను కూడా. నాలాంటి వాళ్ళందరూ అదే రాస్తే, విడుదలైన మూడో రోజుకే పన్నెండు నిమిషాలు కత్తిరించారు. మా మాట విన్నారని ఆ రోజు గొప్పగా చెప్పుకున్నాను.

"ఆ పాట తీసేశారమ్మా. తీసేయమన్న వాళ్ళలో నేనూ ఉన్నాను."

ఆవిడ తిట్టలేదు. ఎందుకని మాత్రం అడిగింది. సాగదీసినట్టుందని చెప్పాను.

"మా దారి పొడుగేనండి మరి," అంది.

యూట్యూబులో వెతికాను. పాట ఉంది, బొమ్మ లేదు, అక్షరాలే. ఓటీటీలోకి వచ్చేది జూన్‌లో. ఇక మిగిలింది దుర్గాసాయి. సినిమా వాళ్ళకి ఈ చుట్టుపక్కల లొకేషన్లు చూసిపెట్టేది అతనే. నా రివ్యూ చదివి నన్ను బ్లాక్ చేసిందీ అతనే.

గురువారం వాళ్ళింటికే వెళ్ళాను. అంతా విని తాపీగా నవ్వాడు.

"పాట వద్దన్నది తమరే కదండీ. మీ పేజీలో పొరపాటైందని రాయండి, అప్పుడు చూద్దాం."

అక్కడే అరుగు మీద కూర్చుని రాశాను. సినిమాలో ఏది అనవసరమో హాల్లో కూర్చున్నవాడికి తెలియకపోవచ్చని రాశాను. అతను రెండుసార్లు చదువుకుని, ఫోను తీసి షూటింగ్ నాటి ఫోటోలు పంపడం మొదలుపెట్టాడు. పదకొండో ఫోటో చూసి నేను లేచి నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి సముద్రపు దొంగల సినిమా మొదటి ఆట. టికెట్ జేబులోనే ఉంది. పదిహేనేళ్ళలో పెద్ద సినిమా మొదటి ఆట తప్పడం అదే మొదటిసారి. సర్వేయరు ఏడున్నరకే చెరువు దగ్గరికి వచ్చేశాడు.

బుల్లబ్బాయి గారు గట్టు మీద నిలబడి, తాతల నాటి నుంచీ ఇక్కడ చెరువేననీ, బండి కాదు కదా సైకిలైనా తిరగలేదనీ చెప్పాడు. నేను ఫోను సర్వేయరు చేతికిచ్చాను.

ఫోటోలో వెడల్పాటి మట్టి దారి. పక్కన కరెంటు స్తంభం, దాని మీద నంబరు. దారి మధ్యలో సైకిల్‌తో హీరోయిన్. ఆమె పక్కన కొత్త చొక్కా వేసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ బుల్లబ్బాయి గారు. కింద తేదీ.

సర్వేయరు తలెత్తి చూశాడు. స్తంభం ఇంకా అక్కడే ఉంది. నంబరూ అదే.

బుల్లబ్బాయి గారు ఫోను అందుకుని చాలాసేపు చూశాడు. "ఫోటో బాగానే వచ్చింది," అన్నాడు చివరికి. సర్వేయరు స్తంభం దగ్గర్నుంచి గొలుసు పట్టి కొలిచి, దారి ఉన్నట్టు రాసి సంతకం పెట్టమన్నాడు. వారంలో మట్టి తోలిస్తానని అందరి ముందూ ఒప్పుకుని, ఆసామి సంతకం పెట్టాడు.

జేబులో ఫోను ఒకటే మోగుతోంది. దొంగల సినిమా ఎలా ఉందని పేజీలో అడుగుతున్నారు. సంపూర్ణమ్మ టీ గ్లాసు చేతికిచ్చి, అబ్రహాము మంచం పక్కన కుర్చీ వేసింది.

"ఇంతకీ ఆ సినిమాలో అమ్మాయి ఊరొదిలి ఎందుకెళ్ళిందండీ? మొదటి సగం నేను చూళ్ళేదు కదా."

ఫోను ఆపేసి మొదట్నుంచీ చెప్పాను. అబ్రహాము కాళ్ళు చాపుకుని, మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తూ విన్నాడు. ఇంటర్వెల్ దాకా వచ్చి ఆగాను.

అక్కడి నుంచి ఆవిడ అందుకుంది.